ముందు సీ, ఆ వెంటనే రస్ట్: ఎంతకాలం, ఎలా?

ప్రశ్న: ఇరవై ఏళ్లకు పైగా సీ, సీ ప్లస్ ప్లస్‌లోనే పనిచేస్తున్నాను. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి రస్ట్ అనే కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటానంటోంది. ఫ్లాష్, సిల్వర్‌లైట్ లాంటివి వచ్చి పోవడం చూసినవాణ్ని కాబట్టి ముందు సీ గట్టిగా పట్టుకోమంటున్నాను. నేను చెప్పేది తప్పా? ఈ వయసులో నేనూ కొత్త భాష నేర్చుకోవాలా?

జవాబు: మీరు జంకడంలో తప్పు లేదు. అడోబీ 2020 చివరితో ఫ్లాష్‌ను ఆపేసింది, మైక్రోసాఫ్ట్ 2021లో సిల్వర్‌లైట్‌కు సపోర్ట్ నిలిపేసింది. అయితే ఆ రెండూ ఒక్కో కంపెనీ గుప్పిట్లో ఉన్న బ్రౌజర్ ప్లగిన్‌లు. బ్రౌజర్లు ప్లగిన్‌లనే వద్దనుకున్నాక వాటికి చోటు లేకుండా పోయింది. రస్ట్‌ను వాటితో పోల్చకండి. 2015లో 1.0 వచ్చింది, కంపైలర్ ఓపెన్ సోర్స్. సీ, అసెంబ్లీ తప్ప మరో భాషను దగ్గరికి రానివ్వని లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కూడా 2022లో వచ్చిన 6.1 వెర్షన్‌తో దానికి తలుపు తెరిచింది.

ఎందుకు తెరవాల్సి వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు: మెమరీ తప్పులు, అంటే విడుదలైపోయిన లేదా తనది కాని మెమరీని ప్రోగ్రాము ముట్టుకోవడం. వాటిలో చాలావాటిని రస్ట్ కంపైలరే ఆపేస్తుంది. తాము సరిచేసే సెక్యూరిటీ లోపాల్లో దాదాపు 70 శాతం ఇవేనని 2019లో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు చెప్పారు. మరుసటి ఏడాది క్రోమియం బృందం తమ తీవ్రమైన సెక్యూరిటీ బగ్‌ల విషయంలోనూ అదే అంకె చెప్పింది. ఆ కోడ్ రాసినవాళ్లు అనుభవం లేనివాళ్లేమీ కాదు.

అమ్మాయి సంగతికొస్తే, సీతో మొదలుపెట్టమనడం సరైన సలహానే. ‘సీ పూర్తిగా వచ్చాకే రస్ట్’ అనడం మాత్రం సరికాదు. పూర్తిగా రావడమంటూ ఎప్పటికీ ఉండదు. పాయింటర్లు (మెమరీ చిరునామాలు), స్టాక్, హీప్ (మెమరీలోని రెండు భాగాలు), స్ట్రక్చర్లు, మెమరీ తీసుకునే మ్యాలాక్, తిరిగిచ్చే ఫ్రీ, వీటికి పది వారాలివ్వండి. ఆ తర్వాత ఒకే ప్రోగ్రాము రెండు భాషల్లోనూ రాయించండి: ఫైల్ చదివి ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేది. సీలో హ్యాష్ టేబుల్ తనే కట్టుకోవాలి. వార్నింగులన్నీ ఆన్ చేసి, మెమరీ తప్పుల్ని పట్టించే అడ్రస్ శానిటైజర్ పెట్టి కంపైల్ చేయాలి.

ఇందులో ఒక చోట తప్పకుండా దెబ్బ తగలనివ్వండి. బఫర్‌లోని మాటలకు పాయింటర్లు దాచుకుని, ఫైల్ పెద్దదయ్యే కొద్దీ రీయాలాక్‌తో బఫర్ పెంచమనండి. చిన్న ఫైల్‌తో అంతా బాగానే నడుస్తుంది. పెద్ద ఫైల్ ఇచ్చేసరికి బఫర్ వేరే చోటికి మారుతుంది, పాత పాయింటర్లు విడుదలైపోయిన మెమరీని చూస్తుంటాయి. కొన్నిసార్లు క్రాష్, కొన్నిసార్లు తప్పుడు జవాబు. అదే పని రస్ట్‌లో చేయబోతే, అరువిచ్చిన స్ట్రింగ్‌ను మార్చడం కుదరదని కంపైలరే ఆపేస్తుంది. సీలో ఆ దెబ్బ తిన్నవాళ్లకే ఆ ఎర్రర్ మెసేజ్ విలువ తెలుస్తుంది. ఆ పాఠం చెప్పడానికి మీకన్నా తగినవాళ్లు ఆమెకు దొరకరు. జీడీబీ అనే డీబగ్గర్‌లో కోర్ డంప్ (క్రాష్ అయిన క్షణంలోని మెమరీ నకలు) తెరిచి చూడటం కూడా మీరే నేర్పండి. కొత్తగా చేరేవాళ్లకు రస్ట్ ఉద్యోగాలు ఇంకా తక్కువే కాబట్టి రెజ్యూమెలో అదొక్కటే ఉంటే చాలదు. సీ ప్లస్ ప్లస్‌నో జావానో పక్కన ఉండాలి.

ఇక మీ సంగతి. మీరు సర్టిఫై చేసిన కంపైలర్‌తో ఎంబెడెడ్ పని చేస్తూ రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉంటే తొందరేమీ లేదు. పదేళ్ల సర్వీసు ముందుంటే మాత్రం రోజుకు ముప్పావుగంట చొప్పున మూడు నెలలు కేటాయించండి. మొదటి మూడు వారాలే గడ్డుకాలం. సీలో పది నిమిషాల్లో అయ్యే పనికి గంట పడుతుంది. సీనియర్లు ఎక్కువగా అక్కడే వదిలేస్తారు. భాష కష్టమై కాదు, చేయి తిరిగిన పనిలో మళ్లీ తడుముకోవడం మనసుకు పట్టక.

సీ నుంచి వచ్చినవాళ్లు మొదట డబ్లీ లింక్డ్ లిస్ట్ రాయబోయి చిక్కుకుంటారు. ఒక్కో నోడ్‌ను ఇరువైపులా ఉన్న నోడ్‌లు రెండూ చూపాలి, రస్ట్‌లో ఒక విలువకు యజమాని ఒక్కరే. దాన్ని పక్కనపెట్టి వెక్టర్, ఇండెక్స్‌లతో మొదలుపెట్టండి. కంపైలర్ మొరాయించిన ప్రతిచోటా అన్‌సేఫ్ (‘ఇక్కడ జాగ్రత్త నాదే’ అని కంపైలర్‌కు చెప్పే మాట) అని రాస్తే మళ్లీ సీ రాస్తున్నట్టే. మొదట్లో అవసరమైతే విలువను క్లోన్ (నకలు) చేయండి, వేగం సంగతి కొలిచాక చూసుకోవచ్చు.

ఆఫీసులో మొత్తం కోడ్ తిరగరాద్దామని ప్రతిపాదించకండి. బయటి డేటాను చదివే పార్సర్ లాంటి చిన్న భాగం ఎంచుకుని, సీ నుంచి పిలవగలిగే ఫంక్షన్లుగా రస్ట్‌లో రాయండి. అక్కడ రెండు జాగ్రత్తలు: రస్ట్ కేటాయించిన మెమరీని సీ వైపు ఫ్రీ చేయకూడదు, విడుదల చేసే ఫంక్షన్ కూడా రస్ట్ వైపే ఉండాలి. రస్ట్‌లో వచ్చిన ప్యానిక్ (కోలుకోలేని తప్పు జరిగినప్పుడు ప్రోగ్రాము ఆగిపోవడం) సరిహద్దు దాటి సీలోకి రాకూడదు, లోపలే పట్టుకుని ఎర్రర్ కోడ్‌గా తిప్పి పంపండి.