అడిగింటే చెప్పింటి కదన్నా

అనంతపురం

అమ్మాయీ,

కదిరి నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో కెవిన్ డ్యూరాంట్ 2016లో ఓక్లహోమా సిటీ జట్టును వదిలి, తనను ఓడించిన గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లోనే చేరాడని నీకింత కోపం రావడం నాకు నచ్చింది. కోపం, ఇష్టం లేనివాళ్లు ఆటల గురించి రాస్తే అది స్కోరు పట్టికలాగే ఉంటుంది. కానీ మొదటి పేజీలోనే ‘ద్రోహి’ అనేశావు. మిగతా పేజీలన్నీ ఆ మాటకు సాక్ష్యాలు వెతుక్కుంటూ పోయావు. విభీషణుణ్ణి తెచ్చావు, ఇంటిగుట్టు లంకకు చేటన్నావు. అవి తీసేయ్. ఆ సామెత కనబడగానే చదివేవాళ్లకు కథంతా తెలిసిపోయినట్టుంటుంది, ఇక డ్యూరాంట్ వైపు చూడరు.

నేనూ ఆ మాట రాసినవాణ్ణే. మా ఊరి కబడ్డీ జట్టులో కూతకు పోతే ఉత్త చేతులతో తిరిగిరాని వాడొకడుండేవాడు. ఉగాది పోటీల్లో పక్క ఊరు వరసగా మూడేండ్లు మమ్మల్ని ఓడించింది. నాలుగో ఏడు మావాడు వాళ్ల తరఫున దిగి మా మీదికే కూతకొచ్చాడు. గిరి బయట నిలబడి చూస్తూ ఏడ్చాను. ఆ వారమే ఒక చిన్న పత్రికకు, ఉప్పు తిన్న ఊరిని మరిచాడని రాసి పంపాను. అచ్చయింది, చాలామంది మెచ్చుకున్నారు.

పదేండ్ల తర్వాత అనంతపురం బస్టాండులో వాడే నన్ను చూసి పిలిచి టీ ఇప్పించాడు. ఆ ఏడు వానల్లేక శెనక్కాయ పంట పోయిందంట. అప్పు కట్టే దారి లేక తిరుగుతుంటే, అవతలి ఊరి రైతొకాయన తోటలో పని ఇస్తానన్నాడు, ఆట కూడా తమ ఊరి తరఫునే ఆడాలన్నాడు. “మాయమ్మకు చదువు రాదు కదన్నా. నువ్వు రాసింది పక్కింటి పిల్లోనితో చదివించుకునింది. ఆ పొద్దు నుంచి బోరింగు కాడికి నీళ్లకు పోలేదు” అన్నాడు. కోపంగా అనలేదు. గ్లాసు కింద పెట్టి, “నువ్వు అడిగింటే చెప్పింటి కదన్నా” అన్నాడు. మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ నాలుగిండ్లే. నేను పోయి అడగలేదు.

డ్యూరాంట్ ఇంటికి నువ్వు పోలేవు, నిజమే. కానీ తెలుసుకోగలిగినవి కూడా వదిలేశావు. వారియర్స్‌తో ఆడిన ఆ ఏటి సెమీఫైనల్లో ఓక్లహోమా 3–1 ఆటలతో ఆధిక్యంలో ఉంది. ఇంకొక్క ఆట గెలిస్తే చాలు. ఆరో ఆట సొంత మైదానంలో. ఆ రాత్రి అవతలి వైపు క్లే థాంప్సన్ దూరం నుంచి 11 మూడు పాయింట్ల బుట్టలు వేశాడు. డ్యూరాంట్ 31 సార్లు విసిరితే 10 పడ్డాయి. ఏడో ఆటా పోయింది. అది జరిగిన ఐదు వారాలకు, జులై 4న, వాళ్లతోనే చేరతానని చెప్పాడు. ఆ ఐదు వారాల గురించి నీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. అంతకుముందు ఏడాది పాదం ఎముక విరిగి 27 ఆటలే ఆడాడన్న సంగతీ లేదు.

డబ్బు సంగతి ‘కాసులకు కక్కుర్తి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడే అసలు కథ ఉంది, ఓపిగ్గా చదువు. 2015లో కప్పు కొట్టి, మరుసటి ఏడు 82 ఆటల్లో 73 గెలిచిన వారియర్స్ జట్టుకు ఇంకో మేటి ఆటగాణ్ణి కొనే స్తోమత ఎట్లా వచ్చింది? ఆ లీగులో జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి ఉంటుంది. కొత్త టీవీ ఒప్పందం డబ్బు రావడంతో ఆ పరిమితి ఒక్క ఏడాదిలో 7 కోట్ల డాలర్ల నుంచి 9.4 కోట్లకు ఎగిరింది. పైగా వాళ్ల మేటి ఆటగాడు స్టీఫెన్ కర్రీ, చీలమండ దెబ్బలతో బాధపడే రోజుల్లో 2012లో ఒప్పుకున్న తక్కువ జీతానికే ఇంకా ఆడుతున్నాడు. ఒకడి కాలి నొప్పి ఇంకొకడికి తలుపు తీసింది. అయినా చాలక హారిసన్ బార్న్స్‌నూ, ఆండ్రూ బోగట్‌నూ వదులుకున్నారు. వాళ్లను ఎవరూ ద్రోహులనలేదు, ఎవరూ తలుచుకోనూలేదు.

ఇంకోటి. ఆ ఓక్లహోమా జట్టు ఎక్కడిది? 41 ఏండ్లు సియాటెల్‌లో ఆడి, 2008లో ఊరు మారిన జట్టది. డ్యూరాంట్ మొదటి ఏడాది ఆడింది సియాటెల్‌లోనే. యజమాని ఊరినే వదిలేస్తే దానికి మనం వేరే పేరు పెడతాం.

ఇంత చెప్పానని అభిమానుల బాధను చిన్నది చెయ్యొద్దు. ఓక్లహోమా సిటీకి పెద్ద లీగులో ఉన్నది ఆ ఒక్క జట్టే. 2017 ఫిబ్రవరి 11న డ్యూరాంట్ అక్కడికి ఆడటానికి వస్తే హాలంతా ‘కప్‌కేక్’ అని అరిచింది. మెత్తటోడని ఎగతాళి. ఆ అరుపులు రాశావు, బాగుంది. అరిచిన మనిషి ఇంట్లో ఉన్న 35వ నంబరు చొక్కా సంగతి కూడా ఊహించి చూడు. పారేశాడా, పిల్లోనికి ఇచ్చాడా, మడిచి అడుగున పెట్టాడా?

హార్దిక్ పాండ్యా ముచ్చట ఒక పేరాకు మించొద్దు. గుజరాత్‌ను 2022లో గెలిపించి, ముంబైకి తిరిగొచ్చి రోహిత్ శర్మ స్థానంలో కెప్టెన్ అయినందుకు 2024లో వాంఖడేలో సొంత జట్టు అభిమానులే గేలి చేశారు. ప్రపంచ కప్పు ఫైనల్లో ఆఖరి ఓవర్ వేసి వచ్చాక, జులైలో అదే వాంఖడే అతని పేరు జపించింది.

వ్యాసంతో పాటు పెట్టిన చీటీలో రెండు వాక్యాలు రాశావు, గుర్తుందా? మీ కాలేజీ హాకీ జట్టులో నీ పక్కనే ఆడిన స్నేహితురాలు, మిమ్మల్ని ప్రతి ఏడూ ఓడించే జట్టుకు పోయిందనీ, అప్పటి నుంచి మాటల్లేవనీ. ఆరు పేజీల డ్యూరాంట్ కంటే ఆ రెండు వాక్యాల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను.

వచ్చే ఆదివారం ఇక్కడ ఆర్డీటీ మైదానంలో ఆ పిల్ల ఆడుతుందని కూడా నువ్వే రాశావు. బస్సెక్కి రా. ఆట అయ్యాక ఆమె బూట్లు విప్పుకునే చోటికి పోయి కూర్చో, పుస్తకం పెన్ను తీయొద్దు. ఎందుకు పోయావే అని అడుగు. ఆమె చెప్పింది, చెప్పలేకపోయింది రెండు పేజీలు రాసి నాకు పంపు. డ్యూరాంట్‌ను ఆ తర్వాత చూద్దాం.