టెక్ సందేహాలు: చెరువు గట్టు మీద అలారం గోల

ప్రశ్న: భీమిలి దగ్గర మాకు రొయ్యల చెరువుంది. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్ తగిలించి, ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఫోన్‌కి అలారం వచ్చేలా పెట్టాను. తెల్లవారుజామున రీడింగ్ 3.9, 4.1 మధ్య ఊగుతోంది, అలారం మోగుతూ ఆగుతూ చంపేస్తోంది. ఫజీ లాజిక్ వాడమంటున్నాడు మా అబ్బాయి. పనవుతుందా?

జవాబు: గోల ఒక్కటే బాధయితే ఫజీ దాకా పోనక్కర్లేదండీ. 4 కంటే తగ్గితే మోగాలి, 4.5 దాటాకే ఆగాలి అని రెండు గీతలు పెట్టండి. ఈ రాత్రికే నిద్ర పడుతుంది.

అయితే మీవాడి మాటలో పస ఉంది. గట్టు మీద ఏళ్లు గడిపినవాళ్లు 4 దగ్గర గీత గీసుకుని కూర్చోరు. ‘డీవో కాస్త తగ్గింది, నీళ్లు వేడిగా ఉన్నాయి, ఇంకో రెండు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వెయ్యి’ అంటారు. ఆ ‘కాస్త’కి 0 నుంచి 1 దాకా కొలత ఇవ్వొచ్చని 1965లో అమెరికాలోని బర్క్‌లీ ప్రొఫెసర్ లోట్ఫీ జాదే చూపించారు. ఫజీ లాజిక్ అంటే అదే.

మీ చెరువుకే వేద్దాం. డీవో 3 అయితే ‘తక్కువ’ పూర్తిగా 1, 5 అయితే 0. అంటే 4.2 దగ్గర తక్కువతనం 0.4, ‘చాలు’ అనేది 0.6. నీళ్ల వేడి 28 డిగ్రీల దగ్గర 0, 33 దగ్గర 1 అనుకుంటే 31కి 0.6. ‘డీవో తక్కువ, నీళ్లు వేడి’ అయితే ఏరేటర్లు నూరు శాతం. ఇక్కడ రెండింట్లో చిన్నదే లెక్క, 0.4. ‘డీవో చాలు’ అయితే 30 శాతం, బలం 0.6. బలాలను బట్టి సగటు కడితే 40 ప్లస్ 18, దాన్ని బలాల మొత్తం 1తో భాగిస్తే 58 శాతం. పది ఏరేటర్లుంటే ఆరు తిప్పండి.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. డీవో 2.8, నీళ్లు 27 డిగ్రీలు అనుకోండి. పై రెండు నియమాల బలమూ సున్నా. ప్రోగ్రాం సున్నాతో భాగించబోతుంది. రొయ్యలు పైకి తేలే వేళకే అది చేతులెత్తేస్తుంది! అందుకని ‘తక్కువ, కానీ వేడి లేదు’ అనే మూడో నియమం రాయండి. డీవో 3 కంటే కిందికి పడితే ఫజీతో పనిలేకుండా అన్నీ ఆన్ అయిపోవాలి. నేను వేసిన అంకెలు ఉదాహరణకే. అసలువి మీ చెరువు చూసుకునే మనిషిని అడిగి పెట్టండి, అబ్బాయిని కాదు. సెన్సర్ పొర మీద నాచు పడితే మాత్రం ఏ లాజిక్కూ కాపాడదు, కడుగుతుండండి. ఉప్పునీటికి తగ్గ సవరణ కూడా ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా వాషింగ్ మెషీన్ మీద ‘ఫజీ’ బటన్ ఉంది. నెట్ కావాలా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: అక్కర్లేదు. బట్టల బరువును బట్టి నీళ్లూ సమయమూ అదే తేల్చుకుంటుంది. జపాన్‌లో 1987లోనే సెందాయ్ మెట్రో రైళ్లను ఇదే పద్ధతిలో నడిపారు. బటన్ నొక్కండి, దుప్పట్లకు మాత్రం వాటి మోడ్ వేరే ఉంటే అదే పెట్టండి.