పీహెచ్‌పీ నుంచి తెలుగు సర్టిఫికెట్లు: ఒత్తులు విడిపోకుండా వర్డ్, పీడీఎఫ్ ఫైళ్లు ఎలా?

మీరు అడిగింది ఇదీ: కాలేజీ సైట్‌లో బటన్ నొక్కగానే స్టడీ సర్టిఫికెట్ వర్డ్‌లోనూ పీడీఎఫ్‌లోనూ రావాలి. పీడీఎఫ్ తయారుచేసే ఎఫ్‌పీడీఎఫ్ లైబ్రరీతో తెలుగంతా పిచ్చి అక్షరాలవుతోంది. అలాంటిదే ఇంకోటి, డామ్‌పీడీఎఫ్‌తో అక్షరాలు వస్తున్నాయి గానీ ఒత్తులు విడిపోతున్నాయి. వేరే ఏ లైబ్రరీ వాడాలి?

గుంటూరు వైపు ఒక జూనియర్ కాలేజీకి ఇదే పని చేసిపెట్టాను, ఇప్పటికీ నేనే చూసుకుంటున్నాను. లైబ్రరీ పేరు తర్వాత చూద్దాం. ముందు, తెలుగు అక్షరాలను పేర్చే పని ఎవరు చేస్తున్నారో తేల్చుకోండి.

"లక్ష్మి" అనే పేరు తీసుకోండి. కంటికి రెండక్షరాలు. డేటాబేస్‌లో మాత్రం ఏడు కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఉండే నంబర్లు): ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. చివర్లో ఉన్న గుడి వెనక్కి వచ్చి క మీద కూర్చోవాలి, ష, మ రెండూ ఒత్తులుగా మారాలి. ఏది ఎక్కడ ఎలా మారాలో ఫాంట్ ఫైల్‌లోనే పట్టికలుగా రాసి ఉంటుంది. ఆ పట్టికలు చదివే ఇంజన్ లేకపోతే ఫాంట్ ఎంత మంచిదైనా ఏడు ముక్కలూ వరుసగా పడతాయి. డామ్‌పీడీఎఫ్‌లో మీకు జరుగుతున్నది అదే. ఎఫ్‌పీడీఎఫ్‌కి అసలు యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లుగా దాచే పద్ధతి) రాదు. యూటీఎఫ్-8లో మన ఒక్కో కోడ్‌పాయింట్‌కి మూడు బైట్లు. ఎఫ్‌పీడీఎఫ్ ఒక్కో బైటునీ ఒక లాటిన్ అక్షరం అనుకుని అచ్చేస్తుంది. టీసీపీడీఎఫ్ అనే మరో లైబ్రరీ యూటీఎఫ్-8 చదువుతుంది గానీ తెలుగు పేర్చడం దానికీ రాదు.

పేర్చడం వచ్చినవి, నేను వాడినవి రెండు: ఎంపీడీఎఫ్ అనే పీహెచ్‌పీ లైబ్రరీ, లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్. లిబ్రేఆఫీస్ 2017లో వచ్చిన 5.3 నుంచి అన్ని సిస్టమ్‌లలోనూ హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు పేర్చే ఇంజన్ వాడుతోంది. క్రోమ్ లోపల ఉన్నదీ ఆ ఇంజనే, కాబట్టి హెడ్‌లెస్ క్రోమ్‌తో (విండో తెరవకుండా నడిచే క్రోమ్) కూడా పని అవుతుంది. హెచ్‌టీఎంఎల్‌ను పీడీఎఫ్‌గా మార్చే డబ్ల్యూకేహెచ్‌టీఎంఎల్‌టుపీడీఎఫ్ జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి, 2023లోనే ఆ ప్రాజెక్టును ఆర్కైవ్ చేసేశారు.

మా కాలేజీకి నేను పెట్టింది వర్డ్ టెంప్లేట్ పద్ధతి. ఆఫీసు సూపరింటెండెంట్ గారు వర్డ్‌లో సర్టిఫికెట్ తయారుచేస్తారు. పేరు, తండ్రి పేరు, అడ్మిషన్ నంబరు రావాల్సిన చోట డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఫీల్డ్ పేరు ఉంటుంది. వర్డ్ ఫైళ్లు తయారుచేసే పీహెచ్‌పీవర్డ్ లైబ్రరీలోని టెంప్లేట్ ప్రాసెసర్ వాటిని నింపుతుంది. ప్రిన్సిపాల్ గారు మారినా, లెటర్‌హెడ్ మారినా నాకు ఫోన్ రాదు. వాళ్లే ఫైల్ సరిచేసి అప్‌లోడ్ చేసుకుంటారు. ఈ ఒక్క సుఖం కోసమే నేను హెచ్‌టీఎంఎల్ వదిలి ఇటు వచ్చాను.

ఇందులో రెండు చోట్ల తట్టుకుంటారు. డాకెక్స్ (వర్డ్ ఫైల్) అంటే లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లున్న జిప్. ఫీల్డ్ పేరును మధ్యలో ఆపి, చెరిపి టైప్ చేస్తే వర్డ్ దాన్ని రెండు మూడు ముక్కలుగా దాచుకుంటుంది, అప్పుడు ఒక్కోసారి ఆ ఫీల్డ్ నిండదు. నోట్‌ప్యాడ్‌లో ఒకేసారి టైప్ చేసి అక్కడి నుంచి పేస్ట్ చేయమనండి. రెండోది, విలువల్లో ఎక్కడైనా యాంపర్సండ్ గుర్తు ఉంటే ఎక్స్‌ఎంఎల్ చెడిపోయి ఫైలే తెరుచుకోదు. అలాంటి గుర్తులను ఎక్స్‌ఎంఎల్‌కి సరిపడేలా మార్చే అవుట్‌పుట్ ఎస్కేపింగ్ పీహెచ్‌పీవర్డ్ సెట్టింగ్స్‌లో మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి.

ఆ తర్వాత కూడా వర్డ్ "ఫైల్ పాడైంది" అంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి అక్షరాలు చూడండి. జిప్‌కి మొదట ఇంగ్లిష్‌లో పీ, కే ఉండాలి (జిప్ తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి). పీడీఎఫ్ అయితే పర్సెంట్ గుర్తు, వెంటనే పీడీఎఫ్. వాటికి ముందు ఖాళీ లైనో, పీహెచ్‌పీ వార్నింగో కనిపిస్తే దొంగ దొరికినట్టే: ఖాళీ లైనైతే ఏదో ఇన్‌క్లూడ్ ఫైల్ చివర ఎంటర్లు కొట్టి వదిలేసి ఉంటారు. హెడర్లు పంపే ముందు అవుట్‌పుట్ బఫర్ ఖాళీ చేసి, ఫైల్ పంపగానే ఎగ్జిట్ పెట్టండి.

హెచ్‌టీఎంఎల్‌కే వర్డ్ హెడర్ తగిలించి పంపే పాత చిట్కా మీకు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. కంప్యూటర్లో తెరుచుకుంటుంది. తల్లిదండ్రుల ఫోన్లలోనే వస్తుంది తంటా, వద్దు. సర్వర్ మీద అసలు ఎంఎస్ వర్డ్‌నే నడిపించడమంటారా, అలా వాడటానికి తాము సపోర్ట్ ఇవ్వమని మైక్రోసాఫ్టే చెబుతోంది.

ఇక పీడీఎఫ్. నింపిన డాకెక్స్‌ను లిబ్రేఆఫీస్ హెడ్‌లెస్ మోడ్‌లో మారుస్తుంది. టెర్మినల్‌లో చక్కగా పనిచేసిన కమాండ్ వెబ్ నుంచి ఏమీ చేయకుండా ఊరుకుంటే కంగారు పడకండి. వెబ్ సర్వర్ యూజర్‌కి రాయడానికి హోమ్ ఫోల్డర్ ఉండదు, లిబ్రేఆఫీస్‌కేమో ప్రొఫైల్ (తన సెట్టింగుల ఫోల్డర్) పెట్టుకోవడానికి చోటు కావాలి. యూజర్ ఇన్‌స్టలేషన్ అనే ఆప్షన్‌తో టెంప్ ఫోల్డర్ చూపించండి. అది కూడా ప్రతి ఫైల్‌కీ వేరేది. ఇంటర్ ఫలితాలొచ్చాక అందరూ ఒకేసారి టీసీలకూ స్టడీలకూ ఎగబడినప్పుడు ఒకే ప్రొఫైల్ మీద రెండోది నడవదు.

ఫాంట్ సంగతి మరిచిపోవద్దు. ఆఫీసు కంప్యూటర్లో గౌతమితో టైప్ చేస్తారు, అది విండోస్ ఫాంట్. లైనక్స్ సర్వర్‌లో అది ఉండదు కాబట్టి వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, లైన్లు పెరిగి ప్రిన్సిపాల్ సంతకం చోటు రెండో పేజీలో పడుతుంది. తెలుగు ఫాంటే లేకపోతే డబ్బాలు. నేను నోటో సాన్స్ తెలుగును రెండు వైపులా ఇన్‌స్టాల్ చేసి, టెంప్లేట్‌లో అదే వాడమన్నాను. మండలి కూడా బాగుంటుంది.

పాత రికార్డులు డీటీపీ వాళ్లు అనూ ఫాంట్లలో కొట్టినవైతే పైన చెప్పిందేదీ పనిచేయదు. అది యూనికోడ్ కాదు. కన్వర్టర్‌తో మార్చి, కనీసం పేర్ల కాలమ్ వరకైనా మనిషి చేత చదివించండి.

మీది షేర్డ్ హోస్టింగ్ అయితే లిబ్రేఆఫీస్ పెట్టనివ్వరు, పీహెచ్‌పీ నుంచి బయటి ప్రోగ్రాములు నడిపే ఎగ్జెక్ ఫంక్షన్ కూడా చాలాచోట్ల మూసేసి ఉంటుంది. అప్పుడు పీడీఎఫ్‌కి ఎంపీడీఎఫ్ వాడండి. దాంతోపాటే వచ్చే పోతన2000తో తెలుగు సరిగ్గా పడుతుంది. మీ సొంత ఫాంట్ పెట్టుకుంటే ఫాంట్ డేటాలో యూజ్ ఓటీఎల్ (ఫాంట్‌లోని ఆ పట్టికలు వాడమని చెప్పే సెట్టింగ్) విలువ 255 ఇవ్వాలి, లేదంటే మళ్లీ ఒత్తులు విడిపోతాయి. డాకెక్స్ కాపీ మాత్రం అక్కడా టెంప్లేట్ నుంచే ఇవ్వచ్చు, పీహెచ్‌పీలో జిప్ ఎక్స్‌టెన్షన్ ఆన్‌లో ఉండాలి.