ఎముకల మాత్ర వేసుకుంటే గుండెల్లో మంట.. ఆపేయాలా?

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. పోయినేడాది బాత్రూమ్‌లో జారిపడి మణికట్టు విరిగింది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోర్ మైనస్ 2.9 వచ్చింది. ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అని చెప్పి వారానికోసారి అలెండ్రోనేట్ 70 మి.గ్రా., రోజూ క్యాల్షియం రాశారు. థైరాయిడ్ మాత్ర ఎప్పటి నుంచో వాడుతోంది. ఆదివారం పొద్దున్నే మూడూ కలిపి కాఫీతో వేసుకుని, కాసేపు నడుం వాలుస్తుంది. రెండు నెలలుగా గుండెల్లో మంట. పైగా పన్ను తీయించాలట. ఈ మందు ఆపేసి ఏడాదికోసారి ఇంజెక్షన్ వేయించమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ అమ్మగారికి మందు అవసరమేనమ్మా, అందులో సందేహం లేదు. ఆ స్కోరుకు తోడు ఒక ఎముక ఇప్పటికే విరిగింది, రేపు తుంటి విరిగితే మంచాన పడే ప్రమాదం ఉంటుంది. అయితే మంట ఉంది కాబట్టి వచ్చే ఆదివారం మాత్ర వేయకండి, ముందు రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. ఈ మందు ఎముకలో చాలాకాలం నిలిచి ఉంటుంది, ఒక వారం ఆలస్యమైతే నష్టం లేదు. మింగుతుంటే నొప్పి, ముద్ద గొంతులో అడ్డుపడినట్టు ఉండటం, రొమ్ము ఎముక వెనకాల నొప్పి, నల్లటి విరేచనం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఫోన్‌తో సరిపెట్టకుండా ఈరోజే చూపించండి.

మంటకు కారణం మీ ఉత్తరంలోనే కనబడుతోంది. మాత్ర వేసుకుని పడుకుంటే అది కడుపులోకి జారకుండా అన్నవాహికకు అంటుకుని అక్కడ పుండు చేస్తుంది. ఇక కాఫీ సంగతి. పరగడుపున మంచినీళ్లతో వేసుకున్నా ఈ మందు ఒంటికి పట్టేది ఒక శాతం లోపే, కాఫీతో వేసుకుంటే అందులోనూ సగానికి పైగా పోతుంది. పక్కనే క్యాల్షియం ఉంటే మిగిలిన ఆ కాస్త మందునూ అది పట్టేసుకుంటుంది. అంటే అమ్మగారు ఇన్నాళ్లూ మందు మింగారే గానీ ఎముకకు చేరింది దాదాపు ఏమీ లేదు. మందు పనిచేయడం లేదని మార్చేసేముందు నేను ప్రతి ఇంట్లోనూ అడిగేది ఇదే, ఎలా వేసుకుంటున్నారని.

మళ్లీ మొదలుపెట్టమని డాక్టర్ చెబితే పద్ధతి ఇలా. లేవగానే, ఏమీ తినకముందు, తాగకముందు, నిండు గ్లాసు మామూలు మంచినీళ్లతో మాత్రను నమలకుండా, చప్పరించకుండా మింగాలి. తర్వాత కనీసం అరగంట కూర్చోవాలి, లేదా నిలబడాలి, నడవాలి. ఏదైనా తిన్నాక గానీ నడుం వాల్చకూడదు. వాకిట్లో ముగ్గు వేసే అలవాటుంటే మాత్ర వేసుకునే ముందే ముగించమనండి, ఎందుకంటే వంగితే కడుపులోది పైకి ఎగదన్నుతుంది, పైగా గుల్లబారిన వెన్నుకు అంతగా వంగడం మంచిదీ కాదు. అరగంట అయ్యాక థైరాయిడ్ మాత్ర, అది వేసుకున్న అరగంట నుంచి గంటకు కాఫీ, టిఫిన్. వారంలో ఒక్కరోజు కాఫీ ఆలస్యమవుతుంది, అంతే. క్యాల్షియం మాత్రం మధ్యాహ్నం భోజనంతోనో రాత్రి భోజనంతోనో వేసుకోవాలి, థైరాయిడ్ మాత్రకూ దానికీ మిగతా రోజుల్లో కూడా నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆదివారం మర్చిపోతే సోమవారం పొద్దున వేసుకుని మళ్లీ ఆదివారానికి రావచ్చు, ఒకేరోజు రెండు మాత్రలు మాత్రం వద్దు. మంట తగ్గడానికి గ్యాస్ మాత్రలు సొంతంగా నెలల తరబడి వాడకండి, అవి దీర్ఘకాలం వాడేవాళ్లలో ఎముకలు విరిగే ముప్పు కాస్త ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి.

పన్ను గురించి అంత టెన్షన్ వద్దు. ఈ మందులతో దవడ ఎముక దెబ్బతినే సమస్య ఉన్న మాట నిజమే కానీ, ఆస్టియోపోరోసిస్‌కి వాడే మోతాదులో అది చాలా అరుదు. చీముపట్టిన పన్నును అలాగే వదిలేయడమే ఎక్కువ ప్రమాదం. మందు పేరు, ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారన్నది దంత వైద్యుడికి చెప్పి తీయించండి. ఇంజెక్షన్‌కి మారే ఆలోచన ఉంటే పన్ను పని ముందే పూర్తిచేసి, పుండు మానాక వేయించుకోవడం మేలు.

మీ బంధువులు చెప్పింది జొలెడ్రోనిక్ యాసిడ్ అయ్యుంటుంది. మాత్ర పడనివాళ్లకు, అరగంట కూర్చోలేనివాళ్లకు మంచి మందే. కాకపోతే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, క్యాల్షియం, విటమిన్ డి పరీక్షలు చూడకుండా ఎక్కించకూడదు. కిడ్నీలు బాగా దెబ్బతింటే అసలు ఇవ్వకూడదు. మొదటిసారి ఒకటి నుంచి మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, దానికి భయపడక్కర్లేదు. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ వేరే మందు, రెండిటినీ కలిపేసుకోవద్దు. అది మొదలుపెట్టి మధ్యలో మానేస్తే ఎముక వేగంగా కరిగిపోయి వెన్నుపూసలు ఒకదాని తర్వాత ఒకటి విరిగే ప్రమాదం ఉంది, ఊళ్లు మారినా పెళ్లిళ్లు ఉన్నా దాని తేదీ తప్పకూడదు.

మాత్ర అయినా జీవితాంతం కాదు. సాధారణంగా ఐదేళ్లకు డాక్టర్ మళ్లీ లెక్క చూసి కొనసాగించాలో, కొంతకాలం ఆపాలో చెబుతారు. ఈలోగా దెబ్బ తగలకుండానే తొడలోనో గజ్జల్లోనో కొత్తగా నొప్పి మొదలై తగ్గకపోతే కీళ్లనొప్పి అనుకుని నూనె రాసి ఊరుకోవద్దు, ఎక్స్-రే తీయించండి. అన్నట్టు, జారిపడ్డారన్న ఆ బాత్రూమ్‌లో గోడకు పట్టుకునే కడ్డీ బిగించారా? లేకపోతే ఈ వారమే ఆ పని చేయించండి.