ఇల్లు ఇప్పుడే పిల్లల పేరిట రాసేయాలా?

మీరు అడిగింది: నాన్నగారికి 74 ఏళ్లు, ఇల్లు ఆయన స్వార్జితం, వీలునామా రాయించాలా, ఇప్పుడే గిఫ్ట్ డీడ్ (బతికుండగానే ఆస్తిని ఇచ్చేసే దస్తావేజు) చేయించుకోవాలా అని.

వీలునామా రాయించండి. గిఫ్ట్ డీడ్ ఊసే ఎత్తకండి. మా మేనత్తకు జరిగింది దగ్గరుండి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మామయ్య పోయి ఏడాది తిరగకముందే, "ముందే రాసేస్తే రేపు గొడవలుండవు" అంటూ ఇల్లు కొడుకు (మా బావ) పేరిట గిఫ్ట్ డీడ్ రాసేలా బంధువులంతా కలిసి ఆమెను ఒప్పించారు. 2021లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి నేనే తోడు వెళ్లాను. ఎదురుగా రేకుల షెడ్డులో దస్తావేజు లేఖరి ఎవరిదో పాత దస్తావేజు కంప్యూటర్లో తెరిచి, పేర్లూ హద్దులూ మార్చి ప్రింటు తీశాడు. చదివి వినిపించమంటే నాలుగు హద్దులు చదివి ఊరుకున్నాడు. లోపల వేలిముద్ర యంత్రం అత్తయ్య బొటనవేలిని పట్టలేదు. ముప్పై ఏళ్లు మిరపకాయలకు తొడిమలు తీసిన చేతులవి, గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, చీర చెంగుతో ఒత్తి పెడితే నాలుగోసారికి పడింది. పడగానే, పరీక్ష గట్టెక్కిన పిల్లలా నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

"దానాది వినిమయ విక్రయ సర్వాధికారాలతో పుత్రపౌత్ర పారంపర్యంగా" అని ఉంది అందులో. అంటే ఇంటిని అమ్ముకునే, ఇచ్చేసే హక్కులన్నీ తరతరాలకూ తీసుకున్నవాళ్లవే. ఆమెకు అన్నం పెట్టాలని గానీ, ఆ ఇంట్లో ఉండనివ్వాలని గానీ ఎక్కడా లేదు. రెండేళ్లకు మా బావ ఇల్లు అద్దెకిచ్చేసి, అత్తయ్యను రెండు సంచులతో మా గుమ్మంలో దింపి వెళ్లాడు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవోకు అర్జీ పెట్టుకున్నాం. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయవచ్చని దాని 23వ సెక్షన్ చెబుతుంది. విచారణలో అడిగిందల్లా, "దస్తావేజులో షరతు ఎక్కడుందమ్మా?" అని. అలాంటి షరతు ఉన్నట్టు చూపించి తీరాలని అంతకు కొద్ది నెలల ముందే, 2022 డిసెంబరులో, సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి ఉంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఈ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చూడాలంటూ ఆస్తిని తల్లికి తిరిగి ఇప్పించింది. కానీ అక్కడ తల్లిని చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. మాకు అదీ లేదు.

చివరికి నెలకు 6 వేలు పోషణ ఖర్చు ఇవ్వమన్నారు. ఆ చట్టంలో గరిష్ఠ పరిమితే 10 వేలు, అదీ 2007లో పెట్టిన అంకె! బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పుల మందులు పోను ఇంకేం మిగులుతుంది? ఆ 6 వేలైనా ఒక నెల వస్తే రెండు నెలలు రావు.

బ్యాంకు ఖాతాల సంగతీ చూసుకోండి. నామినీగా పేరుంటే డబ్బు వాళ్లదేనని అందరూ అనుకుంటారు. నామినీ ఆ డబ్బు తీసుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి, అంతే. ఈ ముక్క చెప్పే ఓపిక కౌంటరు దగ్గర ఎవరికీ ఉండదు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట నాన్నగారు సంతకం చేయాలి, ఆయన ఎదుట వాళ్లూ చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. మనసు మారితే ఆయన ఎన్నిసార్లయినా తిరగరాసుకోవచ్చు. ఇల్లు చివరిదాకా ఆయనదే.

మీ ప్రశ్నలో అమ్మగారి మాటే లేదు. ఆమె ఉంటే, బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు ఆమెవని, ఆ తర్వాతే పిల్లలకని రాయించండి. సంతకానికి ముందు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మొత్తం పైకి చదవండి, హద్దులు మాత్రమే కాదు.