ఇచ్చినవెన్ని, తిరిగొచ్చినవెన్ని

చి॥ తల్లికి మామయ్య ఆశీస్సులు.

రెస్క్యూ సెంటర్లో చేరుతున్నావని, అక్కడి పులులకూ చిరుతలకూ ఆటవస్తువులు తయారుచేసే పని నీకే ఇస్తున్నారని నిన్న అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే గుండె నిండిపోయింది. రాత్రి పడుకున్నాక మాత్రం గోనె సంచులే కళ్ళముందు తిరిగాయి. ఆ సంగతి కాస్త కింద రాస్తాను, ఓపిగ్గా చదువు.

తలుపుల గురించి ఒక్క మాట. జంతువును నైట్ హౌస్‌లోకి, అంటే అది రాత్రి పడుకునే గదిలోకి తోలి, తలలు లెక్కపెట్టి, తాళం వేసి, వేసిన తాళం లాగి చూసి, పక్కన ఇంకో మనిషి ఉన్నప్పుడే ఎన్‌క్లోజర్లో, అంటే అది పగలు తిరిగే ఆవరణలో కాలు పెట్టు.

చేరిన రోజే రిజిస్టర్ తీసి ఏ జంతువు ఎక్కణ్ణుంచి వచ్చిందో చదువు. సర్కసుల్లో సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆడించకూడదని కేంద్రం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. విశాఖ, తిరుపతి లాంటి చోట్ల సెంటర్లు పెట్టి సర్కసు జంతువులను అక్కడికి తెచ్చారు. అవి బండి బోనుల్లోనే పుట్టి పెరిగినవి. కోరలు అరిగిపోయి, కీళ్ళు బిగుసుకుపోయి ఉండేవి, కొన్నింటికి గోళ్ళే లేవు. అలాంటి ముసలి జంతువుకు ఎత్తున మాంసం వేలాడదీయకు. రెండడుగుల చెక్క అరుగు, దాని మీదికి నడిచి ఎక్కే వాలు ఉంటే చాలు.

అడవి నుంచి వచ్చే చిరుత సంగతి వేరు. పందులకు పెట్టిన ఉచ్చులో కాలు కోసుకున్నది కావచ్చు, 2023లో అలిపిరి నడకదారి దగ్గర పట్టినవాటిలా బోనులో చిక్కినది కావచ్చు. మొదటి పదిహేను రోజులూ దానికి ఏ ఆటవస్తువూ ఇవ్వకు. ముందు దాక్కునే చోటు కావాలి. మన తల కంటే ఎత్తులో మంచె కట్టించి, మూడు వైపులా వెదురు తడిక పెట్టించు. చుట్టూ మనుషులు కనబడుతుంటే ఊచలు కొరికి కోరలు విరగ్గొట్టుకుంటుంది. మళ్ళీ అడవిలో వదలబోయే చిరుత దగ్గరికైతే నీ చేతి వాసన ఉన్నదేదీ పోకూడదు.

ఇక గోనె సంచి. ఎండుగడ్డి కూరి, మూతి కట్టి, కొమ్మకు వేలాడదీయడం అందరూ చేసేదే. నువ్వూ మొదటి వారంలోనే చేస్తావు. నేను పనిచేసిన సెంటర్లో మేం చేసిన రోజు మూడు తప్పులు కలిశాయి. బియ్యం దుకాణం నుంచి తెచ్చిన సంచి అది. అడుగున తెల్లటి ప్లాస్టిక్ దారంతో మిషన్ కుట్టు, ఒక కొస లాగితే మొత్తం ఊడివచ్చే రకం. రెండోది, ఆ రోజు పస్తు. వారానికొక రోజు మాంసం పెట్టం కదా, ఆ రోజు కాలక్షేపంగా ఉంటుందని ఇచ్చాం. మూడోది, ఆసక్తి పుట్టాలని సంచికి మేక రక్తం పూశాం. ఆకలితో ఉన్న ముసలి ఆడపులికి రక్తం అంటిన గోనె కూడా తిండే కదా! చింపి, నమిలి, మింగింది. సాయంత్రం పీలికలు ఊడ్చి పారేశాం. ఎన్ని పీలికలు మిగిలాయి, దారం ఎక్కడ పోయింది అని ఒక్కరమూ చూడలేదు.

పులి నాలుక మీది ముళ్ళన్నీ గొంతు వైపుకే వంగి ఉంటాయి. ఎముక మీది మాంసం గీకడానికి అవి కావాలి. కానీ దారం ఆ ముళ్ళకు తగిలిందంటే ఇక ఉమ్మడం దానివల్ల కాదు, లోపలికే పోతుంది. ఒక కొస నాలుక మొదట్లోనో, పొట్ట చివరనో చిక్కుకుంటుంది, మిగతాది పేగులోకి జారుతుంది. దాన్ని ముందుకు తోయాలని పేగు కదిలేకొద్దీ, లంగా బొందు లాగితే నడుం పట్టీ కుచ్చులు పడ్డట్టు, పేగే దారం మీద కుచ్చులు పడుతుంది. బిగుసుకున్న దారం ఆ కుచ్చుల లోపలి అంచును రంపంలా కోస్తుంది.

మొదటి రోజు ఏమీ తెలియలేదు. రెండో రోజు ఎముక వదిలేసి మెత్తటి మాంసమే తింది. వయసు మీద పడింది కదా అనుకున్నాం. మూడో రోజు పసుపు నురగ కక్కింది, చొంగ కార్చింది, నడుం పైకి వంచి మూల కూర్చుంది, మలం లేదు. నాలుగో రోజు డాక్టరు గారు మత్తిచ్చి పొట్ట కోశారు. రెండు బారల దారం వచ్చింది. పేగుకు నాలుగు చోట్ల చిల్లులు. ఆ మత్తులోంచి మళ్ళీ లేవలేదు. పొద్దున్నే ఊచల దగ్గరికొచ్చి ముక్కుతో బుసబుసమని పలకరించే జంతువు తల్లీ అది.

ఎప్పుడైనా ఏ జంతువుకైనా నోట్లోంచో, తోక కిందనో దారం కొస కనబడితే లాగకు. ఎవరు చెప్పినా లాగకు. లాగితే ముడుచుకున్న పేగు అక్కడికక్కడే తెగుతుంది. డాక్టరుకు ఫోన్ చెయ్యి.

కాబట్టి సంచి ఇలా చెయ్యి. జనపనార గోనె మాత్రమే వాడు. ఎరువుల గోతాలు గేటు లోపలికే రాకూడదు. కుట్లన్నీ ముందే విప్పి దారం తీసేస్తే గుడ్డ మిగులుతుంది. మధ్యలో గడ్డి పెట్టి ఆ గుడ్డ మూలలనే ముడెయ్యి, తాడు అక్కర్లేదు. తిండి పెట్టిన రోజున, తిన్న రెండు గంటల తర్వాత ఇవ్వు. రక్తం వద్దు. నట్టల మందు తాగించిన, ఆరోగ్యంగా ఉన్న జింకలు పడుకున్న గడ్డి కూరితే ఆ వాసన చాలు. తీశాక పీలికలన్నీ నేల మీద పరిచి, అతికించినట్టు పేర్చి చూడు. అరచేతి మేర తగ్గినా రాసిపెట్టి, మూడు రోజులు మలం విప్పి వెతుకు. గుడ్డ మింగిన జంతువుకు మళ్ళీ ఎప్పుడూ గుడ్డ ఇవ్వకు.

ఆడుకోవడానికి ఇచ్చే ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నా భయమల్లా కన్నాలే. నీలం డ్రమ్ము, 200 లీటర్లది, తిండి సరుకు వచ్చినదే తీసుకో. మూత, ఇనుప పట్టీ తీసెయ్యి. కన్నం పంజా దూరనంత చిన్నదిగా, అంటే రెండంగుళాలకు మించకుండా ఉండాలి, లేదా తల, భుజాలు సులువుగా దూరి తిరిగి వచ్చేంత పెద్దదిగా ఉండాలి. ఈ రెండింటికీ మధ్య సైజులోనే దవడో కాలో ఇరుక్కుంటుంది. అంచులు ఆకురాయితో అరగదీసి, నీ ముంజేతికి రాసి చూసుకో. టైర్లు వద్దు, లోపల ఉక్కు తీగ ఉంటుంది.

ఎండాకాలంలో పులికి ఐసుగడ్డ ఇవ్వు. బకెట్లో సగం నీళ్ళు గడ్డకట్టాక అర కిలో మాంసం పెట్టి మిగతా నీళ్ళు పొయ్యి. ఒకేసారి పోస్తే మాంసం అడుగుకు చేరుతుంది, ఐదు నిమిషాల్లో పీకేస్తుంది. గడ్డను నీళ్ళ తొట్టిలో వదిలితే పంజా వేసినప్పుడల్లా జారిపోతూ ఎక్కువసేపు ఆడిస్తుంది. ఆ అర కిలో ఆ రోజు రేషన్లో తగ్గించు. కోర విరిగి నరం బయటపడ్డదానికి ఐసు వద్దు.

సింహాలు రెండుంటే వస్తువులు మూడు, దూరదూరంగా పెట్టు. మాంసం ఉన్నదేదైనా విడివిడి గదుల్లోనే.

వాసనలంటే నాకు ఎక్కువ ఇష్టం, వాటికి పీలికలు ఉండవు కదా. దాల్చినచెక్క పొడి, జీలకర్ర పొడి ఒక చెంచా మొద్దుకు రుద్దితే చాలు. లవంగ నూనె, నీలగిరి తైలం జోలికి పోకు, పిల్లి జాతి కాలేయం వాటిని అరిగించుకోలేదు. ఫినాయిల్ కూడా అంతే. స్టోర్లో ఉంటే తీయించెయ్యి, మొహమాటపడకు. పులి చెట్లకు చిమ్మే మూత్రంలో బాస్మతి బియ్యానికి ఆ వాసన ఇచ్చే పదార్థమే ఉంటుంది. ఒక పులి గీరి, చిమ్మిన మొద్దును ఇంకో పులి దగ్గరికి మార్చి చూడు, అరగంట దాన్ని వదలదు. మార్చేముందు ఆ జంతువుకు జబ్బేమీ లేదని డాక్టరును అడుగు. మన ఇంటి కుక్క పడుకున్న దుప్పట్లు, బంతులు మాత్రం తీసుకెళ్ళకు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే జబ్బు వైరస్ సింహాలను పొట్టన పెట్టుకుంది.

ఒక నోటుబుక్కు పెట్టు. ఇచ్చే ముందు అరగంట, ఇచ్చాక అరగంట, నిమిషానికోసారి తలెత్తి చూసి రాయి: పడుకుందా, ఆడుతోందా, ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతోందా అని. తిరగడం తగ్గకపోతే ఆ వస్తువు ఎంత ముద్దుగా ఉన్నా మానెయ్యి. రోజూ ఒకే వేళకు ఇవ్వకు, ఇవ్వని రోజులూ ఉండాలి. పక్క పేజీలో ఇచ్చినవెన్ని, తిరిగొచ్చినవెన్ని అని రెండు గళ్ళు గీసుకో.

మొదటి వారం పేజీలు ఫోటో తీసి నాకు పంపు. సంచుల నుంచి విప్పిన దారాన్ని చెత్తబుట్టలో వెయ్యకు, మూత ఉన్న డబ్బాలో వెయ్యి. కాకులు ఎత్తుకెళ్ళి ఎన్‌క్లోజర్లో పడేస్తాయి.

మామయ్య