రాత్రి పొలంలో కుందేలు కనబడాలంటే ఏ మోనోక్యులర్ కొనాలి?

(ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: వంశధార దగ్గర రెండెకరాల్లో పెసర, టమాటా వేశాం. తెల్లారేసరికి లేత మొక్కలు కోసేసినట్టు ఉంటున్నాయి. కుందేళ్లని అనుమానం. పొలం మూలన ఉన్న మంచె మీంచి చూడటానికి నైట్ విజన్ మోనోక్యులర్ (చీకట్లో చూపించే ఒంటికన్ను దుర్భిణి) కొందామనుకుంటున్నాం. పన్నెండు వేలు దాటకూడదు. ఒకదాని డబ్బా మీద 300 మీటర్లు, ఇంకోదాని మీద 500 మీటర్లు అని ఉంది. ఏది మంచిదండీ?
– ఒక రైతు, గుణుపురం

జవాబు: డబ్బు పెట్టే ముందు తెగిన మొక్కను చేతిలోకి తీసుకుని చూడండి. కుందేలు కొరికితే కాడ కత్తితో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా తెగుతుంది. జింక జాతికి పై దవడలో ముందుపళ్లు ఉండవు. అవి తింటే కాడ పీకినట్టు పీచుపీచుగా ఉంటుంది. మొక్క నేలకు ఆనుకుని తెగితే మొక్క మొదలు దగ్గర మట్టి గోకి చూడండి. చుట్టలా ముడుచుకున్న పురుగు దొరికిందంటే అది కుందేలు పని కాదు, మోనోక్యులర్ అవసరమే లేదు. మళ్లలో గుండ్రటి, గడ్డిపీచు నిండిన పెంటికలు కనబడితే మాత్రం మీ అనుమానం నిజమే.

ఇక డబ్బా మీది మీటర్లు. ఆ అంకెను నమ్మి కొనకండి. ఎంత పెద్ద వస్తువును చూసి ఆ లెక్క వేశారో ఎక్కడా రాయరు. 300 మీటర్ల దూరంలో లారీ ఉందని తెలియడం వేరు, 100 మీటర్ల దూరంలో ఉన్నది కుందేలా, గడ్డి దుబ్బా అని తేల్చుకోవడం వేరు.

మీరు చూడాల్సింది సెన్సర్, అంటే లెన్స్ వెనక బొమ్మను చుక్కలుగా (పిక్సెళ్లుగా) పట్టే చిప్పు. పది డిగ్రీల వెడల్పు చూపే పరికరంలో 100 మీటర్ల దూరాన పదిహేడున్నర మీటర్ల మేర కనబడుతుంది. సెన్సర్‌కు అడ్డంగా నిజంగానే 1920 చుక్కలుంటే, 45 సెంటీమీటర్ల కుందేలు దాదాపు 50 చుక్కల వెడల్పున పడుతుంది. చెవులు విడిగా తెలుస్తాయి. 640 చుక్కలదైతే 16 చుక్కలే, ఒట్టి మసక ముద్ద. చవక పరికరాల మీద 4కె వీడియో అని పెద్దక్షరాలతో ఉంటుంది. చాలావాటిలో అది తక్కువ చుక్కల బొమ్మను సాఫ్ట్‌వేర్ సాగదీసిందే. వివరాల పట్టికలో ‘వీడియో రిజల్యూషన్’ వదిలేసి ‘సెన్సర్ రిజల్యూషన్’ చూడండి. ఆ వరుసే లేకపోతే ఆ వస్తువు వద్దు. కంటి దగ్గరి తెర ఎన్ని చుక్కలదో కూడా అడగండి. తెర నాసిదైతే సెన్సర్ మంచితనం మెమరీ కార్డులోని వీడియోకే పరిమితం, మంచె మీద మీ కంటికి అందదు.

లెన్స్ మీద ఎఫ్ పక్కన ఉండే అంకె ఎంత చిన్నదైతే అంత మేలు. ఎఫ్1.2 లెన్స్‌లోంచి వచ్చే వెలుతురులో ఎఫ్2.0 లెన్స్ ఇచ్చేది మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. ఆప్టికల్‌గా, అంటే లెన్స్‌తోనే, మూడు నాలుగు రెట్లు పెద్దది చేసి చూపిస్తే మీకు చాలు. ఎనిమిది, పది రెట్లయితే చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, కనబడే మేర కుంచించుకుపోతుంది, పొలమంతా వెతికేసరికి కుందేలు గట్టు దాటేస్తుంది. బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసే డిజిటల్ జూమ్‌ను లెక్కలోకే తీసుకోవద్దు.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైటు, అంటే మన కంటికి దాదాపు కనబడని వెలుగునిచ్చే లైటు. దూరం రెట్టింపైతే మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. పరికరంలో ఉండే బుల్లి లైటు 50 మీటర్లకు బాగానే ఉండి 100 మీటర్లకు చతికిలబడేది అందుకే. కాబట్టి పన్నెండు వేలూ మోనోక్యులర్ మీదే పెట్టకండి. కొంత మిగిల్చి, వెలుగును ఒకచోటికి కుదించుకోగల 850 నానోమీటర్ల (ఇది కాంతి తరంగం పొడవు) విడి ఐఆర్ టార్చి కొనండి. ఇంకో మాట. రెండెకరాలు చదరంగా ఉంటే ఒక పక్క 90 మీటర్లు, మూల నుంచి ఎదుటి మూలకు 127. మంచెను పొలం మధ్యకు మారిస్తే ఏ మూలైనా 64 మీటర్ల లోపే. నాలుగు రాటలు పాతే ఖర్చుతో సగం దూరం తగ్గిపోతుంది.

వస్తువు వచ్చాక వాపసు గడువు లోపలే పరీక్షించండి. గోనెసంచి ముక్కలో గడ్డి కుక్కి, 45 సెంటీమీటర్ల పొడవు, పాతిక సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా కుట్టండి. తళతళలాడేది ఏదీ అంటించొద్దు. వెన్నెల లేని రాత్రి ఇంకొకరి చేత 25, 50, 64, 100 మీటర్ల దూరాల్లో, మీకు చెప్పకుండా ఏదో ఒకచోట పెట్టించి వెతకండి. ముందు కంటి దగ్గరి రింగు తిప్పి తెర మీది అక్షరాలు స్పష్టం చేసుకోవాలి. ఆ తర్వాతే ముందు లెన్స్ తిప్పాలి. ఈ వరుస తప్పితే మంచి పరికరం కూడా మసకగానే కనబడుతుంది. 64 మీటర్ల దగ్గర గోనె ముద్ద పోల్చుకోలేకపోతే మొహమాటపడకుండా వెనక్కి పంపేయండి.

ప్రశ్న: థర్మల్ అయితే వేడిని బట్టి జంతువు వెంటనే కనబడుతుందంటున్నారు. అదే కొనడం మేలు కదా? ఐఆర్ లైట్లలో 940 రకం జంతువులకు కనబడదని అమ్మేవాళ్లు చెబుతున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వెతకడం వరకూ థర్మల్‌కు సాటి లేదమ్మా. గుర్తుపట్టడంలోనే చిక్కు. 256 × 192 చుక్కల సెన్సర్, చుక్క 12 మైక్రాన్లు, లెన్స్ 10 మిల్లీమీటర్లు అనుకోండి. 100 మీటర్ల దూరంలో ఒక్కో చుక్క 12 సెంటీమీటర్ల జాగాను పట్టేస్తుంది. అంటే కుందేలు మొత్తం అడ్డంగా నాలుగు చుక్కలు, నిలువుగా రెండు. అది కుందేలో పునుగుపిల్లో చెప్పలేం. 19 మిల్లీమీటర్ల లెన్స్ అయితే ఏడు చుక్కలొస్తాయి గానీ ధర ఇంకా పెరుగుతుంది. థర్మల్ ధర ఎలాగూ పైన చెప్పిన మామూలు డిజిటల్ రకానికి కొన్ని రెట్లు. ఎండాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. పగలంతా కాగిన బండరాళ్లు పొద్దుపోయేదాకా వేడిగానే ఉండి తెర నిండా తెల్లమచ్చలై కనబడతాయి. పంట కాపలాకైతే డిజిటలే చాలు.

940 మాట సగమే నిజం. 850 లైటు ముఖం మీద సన్నటి ఎర్రటి మెరుపు ఉంటుంది, 940కి అదీ ఉండదు. కానీ కుందేలు జాతి కంటికి ఎరుపు సరిగా ఆనదు, ఆ మెరుపుకు అది బెదరదు. మరోపక్క 940 దగ్గర సెన్సర్ చురుకుదనం బాగా తగ్గిపోతుంది, దూరం పడిపోతుంది. 850 తీసుకోండి. కుందేలు కంటిలో పిల్లి కంటిలో ఉండే అద్దం లాంటి పొర ఉండదు. దాని కన్ను మెరుస్తుంది గానీ తక్కువగా. జంటగా ధగధగ వెలిగే కళ్లు కనబడితే అది పిల్లో నక్కో అయి ఉంటుంది.

ప్రశ్న: కొన్న పరికరం ఇంట్లో బాగానే చూపిస్తోంది. తోటలోకి తీసుకెళ్తే తెరంతా తెల్లగా అయిపోతోంది. బ్యాటరీ కూడా గంటన్నర దాటడం లేదు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: లోపం పరికరంలో కాకపోవచ్చు. లెన్స్ పక్కనే ఐఆర్ లైటు ఉండటంతో ఎదురుగా ఉన్న గడ్డిపరక, ఆకు, మంచు తుంపర మీద వెలుగు పడి తిరిగి లెన్స్‌లోకే వస్తుంది. ఆ వెలుగుకు సెన్సర్ తన చురుకుదనం తగ్గించుకోవడంతో దూరాన ఉన్నది నల్లగా మునిగిపోతుంది. ముందు రెండు మూడు మీటర్ల మేర కొమ్మా రెమ్మా లేకుండా, నిలబడి చూడండి. లోపలి లైటు ఆపేసి విడి టార్చిని ఒక మూర పక్కగా పట్టుకోండి. దట్టమైన మంచు రాత్రి మాత్రం ఏం చేసినా లాభం ఉండదు. కిటికీ అద్దం లోపలి నుంచి చూసినా ఇదే జరుగుతుంది.

బ్యాటరీ 18650 రకమైతే (గుండ్రటి లిథియం సెల్ సైజు పేరు ఇది) దాని మీద ఏం రాసుందో చూడండి. ఆ సైజులో మంచి సెల్ 3500 ఎంఏహెచ్‌కు అటూ ఇటూ ఉంటుంది. 9900 అని ఉంటే అది నకిలీ. పేరున్న కంపెనీ సెల్ రెండు పెట్టుకోండి, లైటును అవసరమైనంత మెట్టులోనే ఉంచండి. వానాకాలంలో లెన్స్‌కు బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతుగా ఉండే డబ్బాలో దాచండి.

ప్రశ్న: కనబడ్డ కుందేలును వలేసి పట్టొచ్చా?
– జయపురం

జవాబు: పట్టకూడదు. మన అడవి కుందేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. వల, ఉచ్చు, తుపాకీ ఏదైనా నేరమే. కరెంటు తీగ అసలే వద్దు, దానికి మనుషులూ పశువులూ బలవుతారు. మోనోక్యులర్‌తో తేల్చుకోవాల్సింది అవి ఏ గట్టు మీంచి, ఏ సందులోంచి వస్తున్నాయన్నది. కుందేలు సాధారణంగా అలవాటైన దారినే వస్తుంది. రెండు మూడు రాత్రులు చూస్తే దారి తెలిసిపోతుంది. ఆ పక్కన మీటరు ఎత్తున, కన్ను అంగుళంన్నర మించని కోళ్ల జాలి కట్టి, అడుగున ఒక జానెడు బయటివైపుకు మడిచి మట్టి కప్పండి. ఏనుగులు, ఎలుగులు తిరిగే గజపతి, రాయగడ కొండవారల్లో చీకట్లో నడిచి వెతకొద్దు, మంచె దిగొద్దు. మోనోక్యులర్ కన్నుకు పెట్టుకుంటే మీ పక్కన, వెనక ఏముందో మీకు తెలియదు. ఇంకొక మనిషి తోడుండాలి.